నవలలోని గేమ్ కంపెనీ జనం మనసు ఎలా మారుస్తుంది? కథ నమ్మదగినట్టు లేదు, సలహా కావాలి

కలంపోటు

నేను రాస్తున్న నవలలో ఒక వినోద సంస్థ ఉంది. ఇంకా పేరు పెట్టలేదు కనుక ఇక్కడ దానిని ‘సంస్థ’ అనే అంటాను. అది ఉచితంగా ఆడుకొనే ఒక ఫోన్ గేమును విడుదల చేస్తుంది. ఇళ్లు, దుకాణాలు, వీధులు కట్టుకుంటూ ఊరిని పెంచుకొనే ఆట అది. సంస్థ చేసుకున్న లోపాయికారీ ఒప్పందం మాత్రం వేరు. వీధివీధినా నిఘా కెమెరాలు పెట్టాలని చూస్తున్న ప్రభుత్వానికి జనం అడ్డు చెప్పకుండా చేయాలి.

పన్నెండు అధ్యాయాలు పూర్తయ్యాక మా అక్కకు చదవడానికి ఇచ్చాను. ఆమె ఒక్క మాటతో మొత్తం కట్టడాన్ని కూల్చేసింది. ‘ఆట మధ్యలో ఎవరో వచ్చి కెమెరాలు మంచివని చెబితే నేను చదవకుండా ముందుకు నొక్కేస్తాను, అందరూ అంతే చేస్తారు’ అంది. ఏడో అధ్యాయంలో తెర మీద రెప్పపాటు మెరిసి మాయమయ్యే రహస్య సందేశాలు కూడా పెట్టాను. ఇప్పుడు చదువుకుంటే నాకే నవ్వు వస్తోంది. నిజంగా ఒక సంస్థ ఆట ద్వారా జనాభిప్రాయాన్ని మార్చదలిస్తే ఏం చేస్తుంది? తెలిసినవారు చెప్పండి.

మూడో_లైఫ్

ముందుగా ఏడో అధ్యాయాన్ని దహనం చేయండి. 1981లో పోర్ట్‌లాండ్ నగరంలో పాలిబియస్ అనే గేమ్ యంత్రం వెలిసిందని, ఆడినవారికి మతి చలించిందని, నల్లకోట్ల మనుషులు వచ్చి లెక్కలు రాసుకుపోయేవారని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ యంత్రాన్ని చూపించినవారు ఇంతవరకు ఒక్కరూ లేరు. మీ ఏడో అధ్యాయం దానికి తోబుట్టువులా ఉంది.

పాత_డిజైనర్

నేను తొమ్మిదేళ్లు ఫోన్ గేములలో ఎకానమీ డిజైనర్‌గా పనిచేశాను. ఆటలో నాణేలు ఎక్కడ పుట్టాలి, ఎక్కడ ఖర్చు కావాలి, దేనికోసం ఎంతసేపు వేచి ఉండాలి అన్నవి లెక్కగట్టడం నా పని. ఆడేవారికి అది బొమ్మల ఊరు, మాకు అదొక పెద్ద ఎక్సెల్ షీటు. మీ సంస్థ చేయవలసిన పనంతా ఆ షీటులో ఒకే ఒక్క గడిలో ఇమిడిపోతుంది. కెమెరా లేని వీధికి రాత్రిపూట దొంగ వచ్చే అవకాశం వందకు ఇంత అని అందులో ఒక అంకె ఉంటుంది. కెమెరా ఉన్న వీధికి ఆ అంకె దాదాపు సున్నా. ఇక ఏ పాత్రా నోరు విప్పనవసరం లేదు. దొంగ రెండుసార్లు దుకాణం దోచుకుపోయాక ఆటగాడే వెళ్లి కెమెరా కొంటాడు, పైగా తన ముందుచూపుకు తానే మురిసిపోతాడు. ఆ దొంగను ఎక్సెల్ గడిలో ఎవరో పుట్టించారన్న ఆలోచన అతనికి రాదు. ఇలా మాటలతో గాక నియమాలతో వాదించడాన్నే గేముల పరిశోధకుడు ఇయాన్ బొగోస్ట్ ‘ప్రొసీజరల్ రెటరిక్’ అన్నాడు.

లోపలి పని ఎలా ఉంటుందో తెలియడానికి ఒకటి చెబుతాను. చాలా గేములలో రోజుకొకసారి తిప్పుకొనే అదృష్టచక్రం ఉంటుంది. నేను పనిచేసిన చోట, మీరు మీట తాకిన క్షణంలోనే సర్వర్ ఫలితాన్ని తేల్చేసేది. ఆ తరువాత నాలుగు సెకన్లపాటు చక్రం గిర్రున తిరగడం, నెమ్మదించడం, పెద్ద బహుమతి గడి అంచున ఊగిసలాడి పక్క గడిలోకి జారిపోవడం అంతా ఉత్త యానిమేషన్. ఆ ఊగిసలాట ఎంతసేపు ఉండాలో తేల్చడానికి నేను ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాను. తక్కువైతే ఎవరూ గమనించరు, ఎక్కువైతే మోసమని అనుమానిస్తారు. చివరికి సెకనులో మూడో వంతు దగ్గర ఆపాము.

అర్ధరాత్రి_ఆటగాడు

ఆ మూడో వంతు సెకను కోసం నేను ఎన్ని రాత్రులు మేలుకున్నానో మీకు లెక్క పంపించవలసి ఉంది.

వైకుంఠపాళి

నా పేరు చూసి ఎవరో ఒకరు అంటారని తెలుసు కనుక నేనే చెబుతాను. ఆటతో జనాన్ని మలచాలన్న ఆలోచనకు ఎలక్ట్రానిక్ తెరలు అక్కరలేదు. పాత వైకుంఠపాళి పటంలో నిచ్చెన మొదట్లో ఒక సుగుణం పేరు, పాము తల దగ్గర ఒక దుర్గుణం పేరు రాసి ఉండేవి. పాత_డిజైనర్ గారు చెప్పిన గడి ఇదే, ఎక్సెల్‌లో గాక కాగితం మీద ఉంది, అంతే తేడా. పంతొమ్మిదో శతాబ్దం చివరికి ఆ ఆట ఇంగ్లండు చేరింది. అక్కడ మొదట వారి నీతులు రాసుకున్నారు, క్రమంగా నీతులు రాలిపోయి పాములు, నిచ్చెనలు మాత్రం మిగిలాయి.

ఇక్కడే నాకొక సందేహం ఉంది. చిన్నప్పుడు ఆ పటం మీద వందలసార్లు ఆడి ఉంటాను. చిట్టచివర, పండబోయే వేళ మింగేసే పెద్ద పాము ఎక్కడుందో కళ్లు మూసుకొని చూపించగలను. దాని తల దగ్గర ఏ పాపం పేరు రాసి ఉందో మాత్రం చచ్చినా గుర్తు రావడం లేదు.

సందేహాల_పుట్ట

వైకుంఠపాళి గారి సందేహానికి నేను ఇంకొంత బరువు చేరుస్తాను. ఎలిజబెత్ మేగీ అనే అమెరికన్ మహిళ 1904లో ‘ల్యాండ్‌లార్డ్స్ గేమ్’ అనే ఆటకు పేటెంట్ పొందింది. భూమి కొద్దిమంది చేతుల్లో పోగుపడితే మిగిలినవారు అద్దెలు కట్టలేక ఎలా చితికిపోతారో ఆటలోనే అనుభవానికి తేవాలని ఆమె కోరిక. అమెరికన్ ఆర్థికవేత్త హెన్రీ జార్జ్ చెప్పిన భూమి పన్ను సిద్ధాంతానికి అది ప్రచార సాధనం. ఆ ఆట నుంచే మోనోపలీ పుట్టింది. 1935లో పార్కర్ బ్రదర్స్ సంస్థ ఆమె పేటెంటును 500 డాలర్లకు కొనుక్కుంది. అద్దెల మీద అసహ్యం పుట్టించడానికి తయారైన ఆటను జనం ఎలా ఆడుతున్నారో మనందరికీ తెలుసు. ఎదుటివాడి చివరి నోటు లాక్కొనే క్షణం కోసం మూడు గంటలు ఓపికగా కూర్చుంటున్నారు. కలంపోటు గారి సంస్థకు మాత్రం ఇలా బెడిసికొట్టదని నమ్మకమేమిటి?

పాత_డిజైనర్

మేగీ ఆట బెడిసికొట్టడానికి కారణం ఆటలోనే ఉంది. ఆమె చెప్పదలచినది ఒకటి, మోనోపలీ నియమాలు బహుమతి ఇచ్చేది మరొకటి. ఎదుటివారిని దివాలా తీయించినవాడే గెలుస్తాడని రాసి, దివాలా తీయించడం తప్పని అనుకొమ్మంటే ఎవరు అనుకుంటారు? సంస్థకు ఆ ఇబ్బంది లేదు. అది కోరేది, ఆట బహుమతి ఇచ్చేది ఒక్కటే.

దీనికి విరుద్ధంగా నడిచిన ఆట కూడా ఉంది. గొంజాలో ఫ్రాస్కా 2003లో ‘సెప్టెంబర్ 12’ అనే చిన్న ఆట చేశాడు. సంతలో తిరిగే జనంలో కొందరు ఉగ్రవాదులు ఉంటారు, మీరు క్షిపణి వేయవచ్చు. క్షిపణి పడేసరికి పక్కనున్నవారు చనిపోతారు, ఏడ్చేవారు ఏడ్చి ఏడ్చి ఉగ్రవాదులుగా మారతారు. ఎంత కాలిస్తే అంత పెరుగుతారు. అందులో గెలుపు లేదు. ఉపన్యాసం ఒక్క ముక్క లేకుండానే అది చెప్పవలసింది చెబుతుంది.

అర్ధరాత్రి_ఆటగాడు

ప్రభుత్వం తరఫున ఆట అంటే ‘అమెరికాస్ ఆర్మీ’ గురించి చెప్పకుండా ఉండలేను. అమెరికా సైన్యం సొంతంగా చేయించి 2002 జూలై 4న ఉచితంగా విడుదల చేసింది. సైన్యంలో చేరాలన్న ఆసక్తి పెంచడమే ఉద్దేశమని దాచుకోలేదు కూడా. అందులో నన్ను ఆశ్చర్యపరచిన ఏర్పాటు ఒకటుంది. రెండు జట్లు ఎదురెదురుగా తలపడేవి కదా, ఏ జట్టులో ఉన్నవారికైనా తమ జట్టే అమెరికా సైన్యంలా, ఎదుటి జట్టు శత్రువులా కనిపించేది. నేను నీకు శత్రువును, నువ్వు నాకు శత్రువువు, మనిద్దరమూ మన దృష్టిలో అమెరికా సైనికులమే. శత్రువు పాత్రలో ఆడిన అనుభవం ఏ ఒక్కరికీ లేకుండా పోయింది. మీ నవలకు ఇంతకన్నా మంచి కిటుకు దొరకదు. మీ ఆటలో ఎవరూ దొంగగా ఆడలేకుండా, కెమెరా అటువైపు కూర్చుని చూసేవాడు ఎవరికీ కనిపించకుండా చేయండి.

కలంపోటు

కెమెరా వెనుక మనిషి కనిపించకూడదన్నది నాకు తట్టనే లేదు. నా ముసాయిదాలో అక్కడ ఒక మంచి పోలీసు తాతను కూర్చోబెట్టాను. ఆయనను తీసేస్తున్నాను.

మూడో_లైఫ్

పాపం తాత. పింఛను అయినా ఇప్పించండి.

చుక్కలముగ్గు

నేను గేములు ఆడను, ఇంట్లో పదేళ్ల పిల్లవాడు ఆడతాడు. కలంపోటు గారి ఆటలాగే ఊరు కట్టే ఆట. కొన్ని నెలల కిందట వాడితో పార్కుకు వెళ్లినప్పుడు వాడు చుట్టూ చూసి, ‘అమ్మా, ఇంత స్థలం ఖాళీగా ఎందుకు వదిలేశారు, దుకాణాలు పెడితే ఎంత వచ్చేది’ అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ రాత్రి వాడు నిద్రపోయాక ఫోను తీసి ఆ ఆటను నేనే ఆడి చూశాను. దుకాణం మీద గంటగంటకూ బంగారు నాణెం లేచి గుండ్రంగా తిరుగుతుంది, తాకితే గల్లుమంటుంది. పార్కు కట్టడానికి నాణేలు ఖర్చవుతాయి, ఆ తరువాత అది ఏమీ ఇవ్వదు, ‘అలంకరణ’ అనే విభాగంలో పడి ఉంటుంది. వాడి మాట వాడిది కాదని అప్పుడు అర్థమైంది. ఆ ఆట చేసినవారికి పార్కుల మీద కక్ష ఉండి ఉంటుందని నేననుకోను. అంత ఆలోచించకుండానే ఆ విభాగంలో పడేసి ఉంటారు, అదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

సందేహాల_పుట్ట

చుక్కలముగ్గు గారూ, మీ అబ్బాయి ఇప్పటికీ పార్కులు వద్దనే అంటున్నాడా?

చుక్కలముగ్గు

లేదు. ఇప్పుడు డైనోసార్ల ఆట మొదలుపెట్టాడు. మనుషులే వద్దంటున్నాడు.

సందేహాల_పుట్ట

నేను చెప్పదలచినదీ అదే. ఆట ఆడినంతసేపు దాని తర్కంలోనే ఆలోచిస్తాము, బయటికి రాగానే విడిచిపెడతాము. హింసాత్మక గేములు ఆడినవారు హింసకు దిగుతారని దశాబ్దాలుగా కేకలు వేశారు. గేములను నిజమైన హింసకు కారణంగా చూపడానికి తగిన ఆధారం లేదని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో చేసిన తీర్మానంలో స్పష్టంగా చెప్పింది. వేల గంటలు తుపాకులు పేల్చినా మారని మనిషి, దొంగ బొమ్మ వచ్చి సంచీ ఎత్తుకుపోతే నిఘా చట్టానికి చేతులెత్తుతాడా?

నిశ్శబ్ద_పాఠకుడు

చాలాకాలంగా ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు, ఈసారి ఆగలేకపోయాను. సందేహాల_పుట్ట గారు రెండు వేర్వేరు విషయాలను ఒకే తక్కెడలో వేశారు. తుపాకీ పేల్చడం ప్రతి మనిషీ తప్పని ముందే గట్టిగా నమ్మిన విషయం, దానిని ఆట కదిలించలేదు. వీధి కెమెరాల గురించి ఎక్కువమందికి ఏ గట్టి అభిప్రాయమూ ఉండదు. అభిప్రాయం లేని చోట అలవాటు కూర్చుంటుంది.

చిన్న మార్పులు నిజంగానే జరుగుతాయని చూపిన ప్రయోగాలు ఉన్నాయి. నిక్ యీ, జెరెమీ బైలెన్సన్ అనే పరిశోధకులు 2007లో ప్రచురించిన ప్రయోగంలో తెర మీది ఊహాలోకంలో పొడవైన అవతారం ఇచ్చినవారు, పొట్టి అవతారం ఇచ్చినవారికన్నా డబ్బు పంచుకొనే బేరంలో గట్టిగా పట్టుబట్టారు. తాము ఎవరిలా కనిపిస్తున్నారో అలా ప్రవర్తించారు. ఇదే శక్తిని మంచికి వాడినవారూ ఉన్నారు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు భాగస్వాములుగా 2018లో వచ్చిన ‘బ్యాడ్ న్యూస్’ అనే ఆటలో మీరే అబద్ధపు వార్తలు పుట్టించి అనుచరులను పోగుచేయాలి. ఆడి వచ్చినవారు అలాంటి వార్తలను అంత తేలికగా నమ్మడం లేదని వారి అధ్యయనంలో తేలింది. టీకా పనిచేస్తే విషమూ పనిచేస్తుందని ఒప్పుకోవాలి.

అసలు మనసు మార్చవలసిన పని కూడా లేదేమో ఆలోచించండి. 2016లో ఫోను పట్టుకొని నిజమైన వీధుల్లో తిరుగుతూ ఆడే పోకెమాన్ గో వచ్చినప్పుడు జపానులో దాదాపు 3,000 మెక్‌డొనాల్డ్స్ దుకాణాలు ఆటలో ముఖ్య స్థలాలుగా మారాయి. అది వ్యాపార ఒప్పందం. ఆ దుకాణం మంచిదని ఎవరినీ ఒప్పించలేదు. జనం కాళ్లు అటు నడిచాయి, అంతే.

వాదప్రతివాది

చట్టం వైపు నుంచి ఒక ప్రశ్న. మీ నవలలో సంస్థ చేసిన నేరం ఏమిటి? నాకు తెలిసినంతలో అమెరికాలో వీడియో గేములకు పుస్తకాలకు ఉన్న వాక్స్వాతంత్ర్యమే ఉందని అక్కడి సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పింది. 2008 అధ్యక్ష ఎన్నికలలో ఒబామా ప్రచార బృందం ‘బర్నౌట్ పారడైజ్’ వంటి గేములలో రోడ్డు పక్క ప్రకటన బోర్డులు కొని, ముందస్తుగా ఓటు వేయమని చెప్పింది. పోటీ గట్టిగా ఉన్న రాష్ట్రాలలో ఆడేవారికే ఆ బోర్డులు కనిపించేలా ఏర్పాటు చేసింది. అదంతా చట్టబద్ధమే. నియంత్రణ సంస్థలు పట్టుకున్నవి వేరే తప్పులు. 2022 డిసెంబరులో అమెరికా వ్యాపార నియంత్రణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీపడి, ఫోర్ట్‌నైట్ ఆట తయారుచేసిన ఎపిక్ గేమ్స్ కట్టడానికి ఒప్పుకున్న 52 కోట్ల డాలర్లలో తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల సమాచారం సేకరించినందుకు 27.5 కోట్లు, తికమకపెట్టే మీటలతో కొనిపించినందుకు 24.5 కోట్లు. దొంగ వచ్చే అవకాశం ఇంతకు మించకూడదని చెప్పే చట్టం మాత్రం నేనెక్కడా చూడలేదు. కోర్టు సన్నివేశంతో ముగించాలని అనుకుంటుంటే మానుకోండి, మీ సంస్థ నిర్దోషిగా బయటికి వస్తుంది.

వైకుంఠపాళి

అయితే నవలకు ప్రతినాయకుడు ఎవరు? అంతా చట్టబద్ధంగా, గడిలో అంకెగా ఉంటే పాఠకుడు ఎవరిని తిట్టుకోవాలి? గాజుగదిలో కుర్చీ తిప్పుకుంటూ నవ్వే అధిపతి ఒకడైనా ఉండాలని నా మనవి.

పాత_డిజైనర్

ఆ కుర్చీని నేను తొమ్మిదేళ్లలో చూడలేదు. మాకు ఎవరి నుంచైనా ఆదేశం వస్తే అది ‘కెమెరాల పట్ల సానుకూలత పెంచండి’ అని ఎన్నడూ రాదు. ‘రాత్రి సన్నివేశాలలో ఉద్వేగం తక్కువగా ఉంది, పెంచండి’ అని వస్తుంది. ఒకరు దొంగ నడక గీస్తారు, ఒకరు గల్లుమనే శబ్దం చేస్తారు, ఒకరు అంకె మారుస్తారు. మొత్తం బొమ్మ ఎవరి తెర మీదా ఉండదు. ఆటగాళ్లను రెండు గుంపులుగా విడదీసి ఒక గుంపుకు దొంగ అంకె 10, మరొక గుంపుకు 15 పెడతారు. ఎక్కువమంది మరునాడు తిరిగి వచ్చిన అంకెనే అందరికీ ఖాయం చేస్తారు. ఎందుకు తిరిగి వచ్చారని ఎవరూ అడగరు.

ఇంకొకటి కూడా ఉంది. 2017లో యాక్టివిజన్ సంస్థకు ఒక పేటెంట్ మంజూరయింది. కొత్త ఆటగాడిని, అతను ఆశపడే ఆయుధాన్ని అప్పటికే కొనుక్కున్న నేర్పరితో జత కలిపి, అది తానూ కొనాలన్న కోరిక పుట్టించే పద్ధతి అది. దానిని ఏ గేములోనూ వాడలేదని సంస్థ చెప్పింది. పద్ధతి మాత్రం కాగితం మీద ఉంది. మీ సంస్థ దానిని కాస్త తిప్పితే చాలు. కెమెరాలు లేని ఆటగాడి పొరుగున, కెమెరాలతో వెలిగిపోయే ఊరు ఉన్న ఆటగాడిని కూర్చోబెడుతుంది.

అర్ధరాత్రి_ఆటగాడు

సంస్థ సంగతి సరే, ఆటగాళ్లను మీరందరూ గొర్రెలుగా లెక్కిస్తున్నారు. మేము దేనినైనా లెక్కపెడతాము. లోపల ఏముందో తెలియకుండా తెరవవలసిన లూట్ బాక్సులలో అరుదైన వస్తువు వచ్చే అవకాశం ఎంతో కంపెనీలు చెప్పక ముందే వేలసార్లు తెరిచి పట్టికలు తయారుచేసుకున్నాము. నిర్మాతలు ఊహించని పనులూ చేస్తాము. 2005లో లక్షలమంది కలిసి ఆడే వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో ఒక రాక్షసుడి దగ్గర మాత్రమే అంటవలసిన శాపం పెంపుడు జంతువుల ద్వారా నగరాలకు పాకిపోయింది. కొందరు వైద్యం చేయడానికి పరుగెత్తారు, కొందరు కావాలని అంటించుకొని తిరిగారు. దానిని తరువాత అంటువ్యాధుల నిపుణులు అధ్యయనం చేశారు. మీ ఆట విడుదలైన వారం లోపల ‘ఒక్క కెమెరా లేకుండా యాభయ్యో లెవల్’ అనే సవాలు మొదలవుతుందని నేను రాసిస్తాను. దొంగలను ఒకే సందులోకి తోలి వారి సంచులు లాక్కొనేవారూ బయలుదేరతారు.

పాత_డిజైనర్

బయలుదేరతారు, నిజమే. మంగళవారం అప్‌డేట్‌లో ‘దొంగల ప్రవర్తనలో చిన్న సవరణలు చేశాము’ అని ఒక వాక్యం వస్తుంది, ఆ సందు మూసుకుపోతుంది. సవాలు చేసేవారు వెయ్యిమంది ఉంటారు, లక్షలమంది మామూలుగా కెమెరా కొని నిద్రపోతారు.

అర్ధరాత్రి_ఆటగాడు

ఆ వెయ్యిమందిలో ఒకరిని కథానాయికగా పెట్టవచ్చు కదా. ఆమె దొంగలను లెక్కపెడుతూ ఉంటుంది. నిజంగా ఎన్నికలు జరిగే వారంలో దొంగలు పెరిగారని ఆమె పట్టిక చెబుతుంది.

కలంపోటు

అర్ధరాత్రి_ఆటగాడు గారు ఇచ్చిన కథానాయికను అలాగే తీసుకుంటున్నాను. ఏడో అధ్యాయం పూర్తిగా పోయింది, కోర్టు సన్నివేశమూ పోయింది. వైకుంఠపాళి గారి కుర్చీని ఉంచాను, అది ఖాళీగా ఉంటుంది.

ఈ ఆట పనిచేస్తుందో లేదో తేల్చుకోవడానికి నిన్న ఒక పని చేశాను. అట్టముక్క మీద ఆరు వీధులు గీసి, చింతగింజలను నాణేలుగా పెట్టి, ఒక డబ్బాలో చీటీలు వేశాను. రాత్రి రాగానే వీధికొక చీటీ తీయాలి. కొన్ని చీటీలు ఖాళీ, కొన్నింటి మీద దొంగ. కెమెరాకు అయిదు గింజలు, అది పెట్టిన వీధికి చీటీ తీయనక్కరలేదు. మా అక్కను ఆడమన్నాను. కెమెరాల గురించి ఒక్క మాట అనలేదు. గంట గడిచేసరికి ఆరింటిలో అయిదు వీధులకు కెమెరాలు పెట్టింది, ఆరో వీధికి గింజలు చాలక నన్ను అప్పు అడిగింది. ఎందుకు పెడుతున్నావని అడిగితే ‘దొంగలు వస్తున్నారు కదా, ఊరికే ఎలా వదిలేస్తాము’ అని నన్నొక అమాయకుడిలా చూసింది. డబ్బాలో దొంగ చీటీలు ఎన్ని వేశావని మాత్రం ఇప్పటిదాకా అడగలేదు.

సందేహాల_పుట్ట

మీ అక్కగారి విషయంలో ఓటమి ఒప్పుకుంటున్నాను. ఓటు వేసే రోజున ఏం చేస్తారో చూడాలి.

మూడో_లైఫ్

ఆమె అడగకపోతే మేము అడుగుతున్నాము. ఎన్ని వేశారు?

కలంపోటు

మొదట ఇరవై చీటీలలో మూడు వేశాను. ఆమె పావుగంట గడిచినా ఒక్క కెమెరా కొనలేదు. ఆమె నీళ్లు తాగడానికి లేచినప్పుడు ఏడు చేశాను.